రేకుల పెట్టెకి తూర్పు ముఖం

శ్రావణ శుద్ధ దశమి

రేవు గది దినచర్య పుస్తకం. రాస్తున్నది వెంకటరత్నం, రేకుల పెట్టె ఆపరేటరు. పెట్టె ఎలా ఉందో రోజూ ఇందులో రాయాలని కమిటీ వారి ఉత్తర్వు. రాసింది చదవాలని మాత్రం ఎవరికీ ఉత్తర్వు లేదు. కాబట్టి నోటికొచ్చింది రాసుకునే స్వేచ్ఛ ఈ పదోలంక ఊళ్ళో నాకొక్కడికే ఉంది.

పెట్టె బాగానే ఉంది. పొద్దున్నే పొడిగుడ్డతో తుడిచాను. కరెంటు సరిగానే వస్తోంది. రేడియో అల తిన్నగానే వెళ్తోంది. సాయంత్రం టీ వేళకి పంటు నుంచి మా ఆవిడ మాట్లాడింది. ఆరుగురూ క్షేమమట. మంచు నిండుగా వేసుకుని బయల్దేరారట. భాద్రపద పంచమి పొద్దున్నకి బ్రేకు వేస్తారు, ఇంకో మూడు రోజులకి రేవులో ఉంటారు. పంటు అంటే ఇక్కడ గోదావరి దాటించేది కాదు. శూన్యంలో ఏడు నెలలు పోయి, మాకు తాగడానికి మంచుగడ్డలు తెచ్చేది. దాన్ని నడిపే సరంగు మా ఆవిడ మాణిక్యం. ఊరు ఊరంతా తాగే నీళ్ళు ఆవిడ చేతుల మీదుగా రావాలి. ఇంట్లో మాత్రం గ్లాసెడు నీళ్ళు నేనే ముంచుకోవాలి. అది వేరే సంగతి.

రొయ్యల చెరువులో రొయ్యలన్నీ తేలిపోయాయని మధ్యాహ్నం కబురొచ్చింది. గాలి కొట్టే మోటారు మూడు రోజులుగా తిరగలేదట. ఆ మోటారు చూసుకోవలసింది ప్రెసిడెంటు నూకరాజు గారి బావమరిది. కారణం ఏమిటో కనిపెట్టడానికి ప్రెసిడెంటు గారు వాస్తు పండితుణ్ణి పిలిపిస్తున్నారు.

శ్రావణ పౌర్ణమి

మాకు చందమామ కనబడడు. చక్రంలా తిరిగే ఊరు మాది, కిటికీలోంచి చూస్తే చీకటి తప్ప ఇంకేమీ ఉండదు. అయినా ఈ రోజు పౌర్ణమి అని కమిటీ ప్రకటించింది కాబట్టి పౌర్ణమే.

ప్రెసిడెంటు గారూ, వాస్తు బుల్లబ్బాయి గారూ రేవు గదికి విచ్చేశారు. బుల్లబ్బాయి గారు ఇంతకుముందు పైపులు బిగించేవారు. ఆయన బిగించిన పైపులు కారడం మొదలుపెట్టాక, తప్పు పైపులది కాదు దిక్కులది అని ఆయనకి జ్ఞానోదయమైంది. అప్పటినుంచీ ఇదే వృత్తి.

"ఇదేంటండీ రత్నంగారూ, పెట్టె దక్షిణం చూస్తోంది?" అన్నారు బుల్లబ్బాయి, గుమ్మంలో చెప్పులు విప్పకుండానే.

"పెట్టెకి కళ్ళు లేవండి," అన్నాను.

"ముఖం ఉంది కదండీ. స్విచ్చులున్న వైపే ముఖం. ఈశాన్యం గదిలో ఇంత బరువు, పైగా దక్షిణ ముఖం. రొయ్యలు బతికుంటే ఆశ్చర్యపడాలి గానీ చచ్చిపోతే ఏముందండీ."

జేబులోంచి దిక్సూచి తీశారు. ఈ గది గోడలో పెద్ద కాయిల్ ఉంది. అది పెద్ద అయస్కాంతం. ఆయన ఏ మూల నిలబడ్డా ముల్లు గోడకేసి తిరుగుతోంది. "చూశారా, ముల్లు కూడా కంగారు పడుతోంది," అన్నారు. ప్రెసిడెంటు గారు గంభీరంగా తల ఊపారు.

ఇక్కడ తూర్పు ఎటని ఎవరికైనా అనుమానం రావచ్చు. చక్రం ఎటు తిరిగితే అటు తూర్పు అని ఊరు కట్టిన ఏడాదే తీర్మానం చేశారు. భూమి కూడా తూర్పుకే తిరుగుతుంది కాబట్టి ఆ తీర్మానంలో కాస్త బుర్ర కనబడుతుంది. తర్వాత చేసిన తీర్మానాల్లో అంత బుర్ర ఎక్కడా తగల్లేదు.

పెట్టెని తిప్పితే ఏమవుతుందో వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పాను. చెప్పడం నా ఉద్యోగం.

"లోపల పూతరేకుల్లాంటి పొరలుంటాయండి. కోబాల్టు రేకు, దాని మీద రాగి రేకు, మళ్ళీ కోబాల్టు. కంటికి ఆనవు, అంత పల్చన. కరెంటులో పోయే ఎలక్ట్రాను ఒక్కొక్కటీ ఓ బొంగరం అనుకోండి. కొన్ని ఇటు తిరుగుతాయి, కొన్ని అటు తిరుగుతాయి. మొదటి కోబాల్టు రేకు మొండిది. దాని దిక్కు అది మార్చుకోదు. తనవైపు తిరిగే బొంగరాలనే పోనిస్తుంది, మిగతావాటిని గెంటేస్తుంది. అలా ఏరిన కరెంటు వెళ్ళి రెండో కోబాల్టు రేకుని తోస్తుందండి. అది మొండిది కాదు, ఊగుతుంది. సెకనుకి కొన్ని వందల కోట్లసార్లు ఊగుతుంది. ఆ ఊపులోంచే మన రేడియో అల పుడుతుంది."

"బావుందండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఎంత వేగంగా ఊగాలో ఈ గోడలో కాయిల్ చూసుకుంటుంది. మొండి రేకుకీ కాయిల్‌కీ మధ్య కోణం మారితే ఊపు మారుతుంది. ఊపు మారితే అల మారుతుంది. పంటులో కూడా ఇలాంటి పెట్టే ఒకటుంది, దీనికి జంట. మన అల దానికి సరిపోతేనే పంటుకి రేవు ఎక్కడుందో, ఎప్పుడు బ్రేకు వేయాలో తెలుస్తుంది. సరిపోకపోతే మనల్ని దాటిపోతుందండి. సూర్యుణ్ణి చుట్టి మళ్ళీ ఈ దారికొచ్చేసరికి ఆరేళ్ళు. లోపలున్నవాళ్ళకి తిండి రెండు నెలలకే ఉంది."

ప్రెసిడెంటు గారు చాలాసేపు ఆలోచించారు. "ఆయ్, అర్థమైందండి. అయితే కాయిల్ కూడా తిప్పేద్దాం."

"కాయిల్ గోడలో ఉందండి. గోడ చక్రానిదండి. కాయిల్ తిప్పాలంటే ఊరు తిప్పాలండి."

"పోనీ పెట్టె ఒక్కటే తిప్పుదాం," అన్నారాయన, రాజీకి వచ్చిన పెద్దమనిషిలాగా.

శ్రావణ బహుళ తదియ

పెట్టె బాగుంది. దుమ్ము లేదు. ముహూర్తం మాత్రం పెట్టేశారు. పంచమి పొద్దున్న.

సాయంత్రం మాణిక్యంతో చెప్పాను. ఆవిడ దూరం బాగా తగ్గింది, నా మాట వెళ్ళి ఆవిడ మాట రావడానికి ఓ నిమిషం కూడా పట్టడం లేదు. ఆ నిమిషంలో ఎప్పటిలాగే నేను ఇంకో నాలుగు మాటలు మాట్లాడేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ జవాబు పూర్తిగా విన్న రోజులు తక్కువే.

"ఎటు తిప్పుతారంట?" అంది.

"తూర్పుకి. దక్షిణ ముఖం అరిష్టమట. పంచమి పొద్దున్న ముహూర్తం."

"తిప్పితే ఏమవుతుందో చెప్పారా వాళ్ళకి?"

"చెప్పాను. పూతరేకులు, బొంగరాలు, అన్నీ చెప్పాను."

"మీరు చెప్తే ఎవరికి అర్థమవుతుందండీ. మీరు చెప్పారంటే ఉన్నది కూడా పోతుంది," అంది. తర్వాత, "సరే, చూద్దాం," అంది. మా ఇంట్లో సరే చూద్దాం అంటే ఆవిడ అప్పటికే ఏదో నిశ్చయించేసుకుందని అర్థం. ఏం నిశ్చయించుకుందో అడుగుదామనుకున్నాను. ఇంతలో మా అత్తగారు, మాణిక్యం తల్లి, నా చేతిలో మైకు లాక్కుని, పొట్లకాయ కూరలో బెల్లం వేస్తున్నావా లేదా అని మొదలుపెట్టారు. పంటులో పొట్లకాయ ఎక్కణ్ణుంచి వస్తుందని ఆవిడకి ఏడు నెలలుగా తోచలేదు.

శ్రావణ బహుళ పంచమి

ముహూర్తం దివ్యంగా జరిగింది. ఈ ఏడాది ఊరు మొత్తానికి కాసింది ఒకే ఒక్క గుమ్మడికాయ. దాన్ని తెచ్చి నా గది గుమ్మం ముందు పగలగొట్టారు. ముక్కలు ఏరుకుని పులుసు పెట్టుకోవచ్చా అని నలుగురు అడిగారు. దిష్టి తగిలింది తినకూడదన్నారు బుల్లబ్బాయి. ఆయన వెళ్ళాక తిన్నారు.

పెట్టె కింద నాలుగు బోల్టులు. నా చేతే విప్పించారు. పెట్టెని నా చేతే తిప్పించారు. తర్వాత నాలుగు బోల్టుల మీదా సిమెంటు పూసి, దానికి పసుపూ కుంకుమా పెట్టారు. ఇక కదపడానికి లేదట.

అల మారిపోయింది. స్పీకరులో వినబడే సన్నటి కూత ఒక్కసారి కిందికి దిగి, కప్ప అరుపులా తయారైంది. "మంగళప్రదంగా ఉందండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

టీ వేళకి మాణిక్యం మాట రాలేదు. మాటలు కూడా అదే అల మీద వెళ్తాయి. అల ఆవిడ పెట్టెకి సరిపోకపోతే మాట కూడా చేరదు. ఇంకో రేడియో ఉండేది. పోయిన దసరాకి దాన్ని విప్పి కమిటీ వారు భజనకి మైకుసెట్టు చేసుకున్నారు.

శ్రావణ బహుళ సప్తమి

ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని పుచ్చకాయ గింజలు ఒలుస్తున్నారు.

"మాట రావడం లేదండి. పెట్టె వెనక్కి తిప్పాలండి."

"రెండు రోజులకే కంగారెందుకండీ. దిక్కులు సర్దుకోవాలా వద్దా."

"దిక్కులకి టైం ఉందేమో గానీ పంటుకి లేదండి. భాద్రపద పంచమి పొద్దున్న బ్రేకు వేయాలి. అప్పటికి మన అల దానికి అందకపోతే ఆరుగురూ పోతారండి. మా ఆవిడుందండి అందులో."

నిజం చెప్తున్నాను, అంతవరకూ వెటకారంగానే మాట్లాడాలనుకుని వెళ్ళాను. చివరి మాట దగ్గరికొచ్చేసరికి వెటకారం మిగల్లేదు. ఆయన కూడా గింజలు ఒలవడం ఆపారు. చెడ్డవాడు కాదు. తెలివి తక్కువతనానికి అంత నమ్మకంగా కాపలా కాసే మనిషిని నేను మరెక్కడా చూడలేదు, అంతే.

"మీ బాధ నాకు తెలియదా అండి. బుల్లబ్బాయిని అడుగుదాం," అన్నారు.

బుల్లబ్బాయి గారు పంచాంగం తిరగేశారు. శ్రావణంలో ఇక ముహూర్తాలు లేవు. భాద్రపదం శూన్యమాసం, స్థిరమైన వస్తువేదీ కదపకూడదు. ఆశ్వయుజంలో విజయదశమికి దివ్యమైన ఘడియ ఉందన్నారు.

"పంటు భాద్రపదంలో వస్తోందండి," అన్నాను.

"అదే కదండీ చిక్కు. శూన్యమాసంలో ప్రయాణాలు పెట్టుకోకూడదని మీ ఆవిడకి ముందే చెప్పవలసింది," అన్నారాయన. లేచి వచ్చేశాను.

శ్రావణ అమావాస్య

పెట్టె తూర్పు చూస్తోంది. కప్ప అరుపు అలాగే ఉంది. మాట లేదు.

అత్తగారు పోలాల అమావాస్య పూజకి కందమొక్క కావాలన్నారు. ఎక్కడా దొరక్క, కుండీలో ఉన్న బచ్చలి తీగకే పసుపుకొమ్ము కట్టి కూర్చున్నారు. కూతురు చల్లగా ఉండాలని మొక్కుకుంటూ నా కేసి చూసి, "మీరేం చేస్తున్నారు నాయనా?" అని అడిగారు. దినచర్య రాస్తున్నానని చెప్పాను. ఆవిడ మళ్ళీ పూజ వైపు తిరిగారు. తిట్టినా బావుండేది.

పెట్టె కదపకుండానే, మొండి రేకుని కొలిమిలో కాల్చి, కాయిల్ దగ్గర చల్లారిస్తే అది కొత్త దిక్కు నేర్చుకుంటుందట. పుస్తకంలో ఉంది. ఆ కొలిమి మాత్రం భూమ్మీద ఉంది.

భాద్రపద శుద్ధ విదియ

ఈ రోజు ఊరంతా భోజనాలు చేసి కునుకు తీస్తుండగా, పెట్టెని దక్షిణానికి తిప్పేశాను.

ఈ ఊళ్ళో ఎన్ని చట్టాలు మార్చినా మధ్యాహ్నం కునుకుని ఎవరూ మార్చలేకపోయారు. అన్నం తిన్న గంటకి పిల్లీ కుక్కా కూడా పడుకుంటాయి. అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కాపలా కూర్చున్నారు. సిమెంటు పగలగొట్టడానికి రుబ్బురోలు పొత్రం వాడాను. బుల్లబ్బాయి గారు కలిపిన సిమెంటు కాబట్టి పెద్ద కష్టపడలేదు. బోల్టులు విప్పి, తిప్పి, బిగించి, పైన మళ్ళీ పిండి ముద్ద అద్ది, పసుపు రాశాను. పిండి అత్తగారిచ్చారు.

పెట్టె తిప్పినప్పుడల్లా అల తిన్నగా నిలవడానికి ఓ పూట పడుతుంది. రాత్రి బాగా పొద్దుపోయాక కప్ప అరుపు పోయి పాత కూత వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడు పలుకుతుంది," అన్నాను. అత్తగారు మైకు ముందు కూర్చున్నారు. ఈసారి పొట్లకాయ గురించి కాదు.

పలకలేదు.

భాద్రపద శుద్ధ తదియ

అల సరిగ్గా ఉంది. కాయిల్ సరిగ్గా ఉంది. మొండి రేకు తన మొండితనం తను చూసుకుంటోంది. ఊగే రేకు ఊగుతోంది. పదిసార్లు చూశాను. మాట రావడం లేదు.

మొదట, పంటు పేలిపోయిందనుకున్నాను. దుర్భిణిలో చూస్తే చిన్న చుక్క కనబడుతూనే ఉంది, దారి తప్పలేదు. తర్వాత, వాళ్ళ పెట్టె పాడైందనుకున్నాను. అన్నం సయించలేదు. పక్క మీద పడుకుని ఆవిడతో జరిగిన ఆఖరి సంభాషణ మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఎటు తిప్పుతారంట అని అడిగింది. తూర్పుకి, పంచమి పొద్దున్న అన్నాను. సరే, చూద్దాం అంది.

అప్పుడు లేచి కూర్చున్నాను.

ఈ ఊరి సంగతి ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. పంచమి పొద్దున్న అల పోగానే వీళ్ళు అన్నంత పనీ చేశారని తెలుసుకుని ఉంటుంది. శూన్యమాసంలో మళ్ళీ కదపనివ్వరనీ తెలుసు. రేవుని తిప్పడం తన చేతిలో లేదు కాబట్టి, పంటులో పెట్టెని తనే తిప్పేసి ఉంటుంది. కోణం కోణానికి సరిపోతుంది, అలకి అల సరిపోతుంది. అంటే నేను తిప్పక ముందు రేవూ తూర్పుకే, పంటూ తూర్పుకే ఉండాలి. మరి అప్పుడెందుకు పలకలేదు? ఆవిడ బోల్టులు లోపలెక్కడో ఉంటాయి, సగం పెట్టె ఊడదీస్తే గానీ అందవు. అంతా విప్పి తిప్పేసరికి పది రోజులు పట్టి ఉంటుంది. సరిగ్గా ఆవిడది కుదిరే సమయానికి నేను నాది తిప్పేశాను.

ప్రెసిడెంటు గారు తెలివి తక్కువవారని ఈ పుస్తకంలో రాశాను. దాన్ని కొట్టేయడం లేదు గానీ, ఆయన పక్కన ఇంకో పేరు చేర్చాలి.

భాద్రపద శుద్ధ చవితి

రేపు పొద్దున్న బ్రేకు. తిప్పిన పెట్టె కుదరడానికి పూట కావాలి. కాబట్టి మధ్యాహ్నంలోగా తిప్పితే ఒక్కసారి తిప్పడానికి వీలుంది. రెండోసారికి లేదు.

చిక్కేమిటంటే, ఆవిడ ఇప్పుడు ఎటుందో నాకు తెలియదు. తూర్పుకే ఉంటే నేను తూర్పుకి తిప్పాలి. కానీ ఒకసారి ఊడదీసిన పెట్టెని మళ్ళీ తిప్పడానికి పది రోజులు అక్కర్లేదు. ఆవిడ కూడా నాలాగే ఆలోచిస్తే? తిప్పినా మాట రాలేదు కాబట్టి, రేవులో వెనక్కి తిప్పేశారేమోననుకుని తనది కూడా వెనక్కి తిప్పేస్తే? అప్పుడు నేను కదపకూడదు. ఆవిడ తిప్పుతుందని నేను ఆగి, నేను తిప్పుతానని ఆవిడ ఆగితే ఆరుగురూ పోతారు. ఇద్దరం తిప్పేసినా పోతారు. పొద్దున్నుంచీ స్పానరు పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాను. పత్రి ఇవ్వడానికి వచ్చిన అత్తగారికి అంతా చెప్పాను. బొంగరాలు లేకుండా చెప్పాను, అందుకేనేమో వెంటనే అర్థమైంది.

"దానికి తిప్పడం ఒక్కసారే వచ్చు నాయనా," అన్నారు.

"అది కాదండి, భయం వేస్తే ఎవరైనా..."

"మిమ్మల్ని చేసుకుంటానంది. ఆర్నెల్లపాటు చెప్పాను, వద్దే, ఆ అబ్బాయి తిన్నగా నిలబడడు, ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ వైపు తిరుగుతాడు అని. మీ మామగారు అన్నం మానేశారు. ఊళ్ళో అందరూ చెప్పారు. అది ఏమైనా తిరిగిందా?"

పద్నాలుగేళ్ళ నుంచీ ఆవిడ నన్ను మీరు అనే పిలుస్తూ, ఇంత మాట కడుపులో పెట్టుకుని ఉన్నారన్నమాట.

"తిరగలేదు," అన్నాను.

"మరింకేం. అది తిప్పి కూర్చుంది. ఇప్పుడు తిరగవలసింది మీరే, మీకు అలవాటే కదా," అని ఉండ్రాళ్ళ పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళారు.

బోల్టు మీద స్పానరు పెట్టానో లేదో, ప్రెసిడెంటు గారూ బుల్లబ్బాయి గారూ ఊడిపడ్డారు. పిండి ముద్దకి చీమలు పట్టాయట, ఎవరో చూసి చెప్పారట.

"దక్షిణానికి తిప్పేశారా," అన్నారు ప్రెసిడెంటు గారు. మొహం ఎర్రబడింది. "శూన్యమాసంలో. వినాయక చవితి పూట. ఊరేమైపోవాలండీ?"

"ఇప్పుడే మళ్ళీ తూర్పుకి తిప్పాలి," అన్నారు బుల్లబ్బాయి.

"శూన్యమాసం కదండీ," అన్నాను.

బుల్లబ్బాయి గారు పంచాంగం తెరవకుండానే జవాబు చెప్పారు. "దోషం తీయడానికైతే పర్వాలేదండి."

"మీరెలా చెప్తే అలాగేనండి," అని నాలుగు బోల్టులూ విప్పాను. ఈ ఇద్దరూ చెరో పక్కా పట్టారు. ముగ్గురం కలిసి పెట్టెని తూర్పుకి తిప్పాం. ఈ కమిటీతో నాకు పూర్తిగా ఏకాభిప్రాయం కుదిరింది నా సర్వీసు మొత్తం మీద ఇదొక్కసారే.

వాళ్ళు వెళ్ళాక స్పానరు అత్తగారికిచ్చి, మళ్ళీ అడిగినా ఇవ్వవద్దని చెప్పాను.

భాద్రపద శుద్ధ పంచమి

నిద్ర లేదు. కుదురుగా కూర్చున్నాను. నా జీవితంలో ఇంతసేపు ఏమీ చేయకుండా కూర్చోవడం ఇదే మొదలు. మధ్యలో రెండుసార్లు, ఆవిడ వెనక్కి తిప్పేసి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు లేచి స్పానరు అడగడానికి వెళ్ళాను కూడా. అత్తగారు దాన్ని తలగడ కింద పెట్టుకుని గురక పెడుతున్నారు. లేపడానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చాను.

కప్ప అరుపు మెల్లగా నిలిచింది. బ్రేకు వేళ దగ్గరపడింది. స్పీకరులో ముందు గరగర వచ్చింది. తర్వాత రెండో కప్ప అరుపు, మాదాని పక్కనే, సరిగ్గా అదే శ్రుతిలో.

"ఏమండీ, ఉన్నారా?" అంది మాణిక్యం.

ఉన్నానని చెప్పాలి. మైకు పట్టుకుని ఏడ్చాను. ఏడుపు మైకులో వెళ్ళింది.

"ఏడవకండి, ముందు బ్రేకు వెయ్యనివ్వండి," అంది. వెనకాల ఐదుగురు నవ్వడం వినబడింది.

భాద్రపద శుద్ధ అష్టమి

పంటు రేవుకొచ్చింది. ఆరుగురూ దిగారు. నీళ్ళొచ్చాయి.

సాయంత్రం సభ జరిగింది. శూన్యమాసంలో సైతం పంటు సురక్షితంగా తిరిగి రావడానికి కారణం రేకుల పెట్టె తూర్పు ముఖం పెట్టడమేనని ప్రెసిడెంటు గారు వివరించారు. దక్షిణానికి తిప్పిన రోజుల్లో పంటు పలకలేదని, తూర్పుకి తిప్పిన మర్నాడే పలికిందని, ఇంతకన్నా రుజువేం కావాలని సభని అడిగారు. అబద్ధం ఒక్కటీ లేదు. బుల్లబ్బాయి గారికి శాలువా కప్పారు. వచ్చే నెల ఆయన ఊరందరి వంటగదులూ చూస్తారు. రొయ్యలు మళ్ళీ చచ్చాయి, మోటారు ఇంకా తిరగడం లేదు.

ఇంటికొచ్చాక మాణిక్యం గచ్చు మీద కాళ్ళు బార్లా చాపి కూర్చుంది. ఏడు నెలల తర్వాత చక్రం బరువు మళ్ళీ అలవాటు కావాలి. చిక్కిపోయింది. నేను మంచినీళ్ళు ముంచి ఇచ్చాను.

"మాట రాకపోతే, వెనక్కి తిప్పుదామని వాళ్ళు గొడవ చేయలేదా?" అని అడిగాను.

"చేశారు. ఐదుగురూ చేశారు. ఒకడైతే నేను పడుకున్నప్పుడు బోల్టులు విప్పబోయాడు. అందుకని స్పానరు తీసుకెళ్ళి బయటికి విసిరేశాను."

"విసిరేశావా?"

"తలుపు తీసి విసిరేశాను. ఇంకోటి లేదు."

ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి మళ్ళీ నీళ్ళు ముంచుకొచ్చాను. ఆ చవితి పొద్దున్నంతా స్పానరు పట్టుకుని ఎటూ తేల్చుకోలేక కూర్చున్న సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆ రాత్రి అత్తగారి గది గుమ్మందాకా వెళ్ళిన సంగతి కూడా చెప్పలేదు. ఈ పుస్తకం చదవమని ఎవరికీ ఉత్తర్వు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"మరి నేను తిప్పకపోయి ఉంటే?" అన్నాను.

ఆవిడ గ్లాసు అందుకుంది.

"తిప్పారుగా," అంది. తర్వాత లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ, పొట్లకాయ కూరలో బెల్లం వేశారో లేదో చూడటానికి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది.